కుంచె ఆగని పొద్దున వచ్చిన కబురు

మా చిన్నప్పుడు... సూర్యుడు కొండ దాటి రాకమునుపే మా వీధి పొడవునా పడుగులు పరుచుకొని ఉండేవి. ఒంటిమిట్టకు కొద్ది దూరంలోని చేనేత ఊరు మాది. ఇంటింటి ముందూ కర్రల మీద సాగదీసిన తెల్లని నూలుపోగులు... వాటికి పట్టించిన గంజి పులుపు వాసన...

తడి ఆరకమునుపే పడుగును కుంచెతో దువ్వాలి. రెండు మూరల కుంచె అది. ఈ కొన ఒకరు, ఆ కొన ఒకరు పట్టుకొని, పడుగుకు చెరొక వైపున, ఒకరికొకరు ఎదురుగా ఉండి, జతగా నడవాలి. ఆరేవరకు ఆగరాదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకొని నెల రోజుల నేత వ్యర్థమవుతుంది.

ఒక కొన మా నాయనది. నాకు పదేళ్ళు వచ్చినప్పటినుండి రెండవ కొన నాది. అమ్మ గంజి అందిస్తూ, తెగిన పోగులు ముడివేస్తూ మా వెంట నడిచేది.

దేశానికి స్వాతంత్ర్యం రాబోతున్నదని పెద్దలు చెప్పుకుంటున్న రోజులవి. నేను ఎనిమిదవ తరగతి పరీక్ష రాసి ఉన్నాను. మా వీధిలో అంతవరకు చదివిన ఆడపిల్ల మరొకతె లేదు. ఉత్తీర్ణురాలినైతే కడపలో ఉపాధ్యాయ శిక్షణకు పంపవచ్చునని హెడ్మాస్టరుగారు నాయనతో అన్నారు. "పాసు కానీ... సూద్దాం" అన్నాడు నాయన. ఆ మాటలో ఔను ఎంతో, కాదు ఎంతో నాకు అంతుపట్టలేదు.

ఆ పొద్దున పడుగు ఇంకా సగం తడి మీద ఉండగా వీధి మొదట కేక వినిపించింది. నూలుకు రంగులద్దే దస్తగిరి తాత! నీలిరంగు ఆరని చేతులతో ఒక కాగితం ఊపుతూ, లుంగీ ఎగగట్టి పరుగెత్తుకొస్తున్నాడు.

"ఓబులయ్యా! ఏమప్పా ఓబులయ్యా! పాసయిండాదప్పా నీ కూతురు! బడికాడ పేర్లు సదివినారు, నా చెవులతో ఇన్నా!"

నా గుండె ఎగిరింది. దానితోపాటు చేయీ ఎగరబోయింది.

"కుంచె ఇడ్సొద్దు పాపా!" అని గర్జించాడు నాయన.

నా జీవితంలోకెల్లా గొప్ప వార్తకు అందిన మొదటి ఆశీర్వచనం అదే!

ఇద్దరమూ నడుస్తూనే ఉన్నాం... నేను గంతులు వేయలేను. ఆయన నన్ను దగ్గరకు తీసుకోలేడు. ముఖం పక్కకు తిప్పుకొనే వీలూ లేదు, ఎదుటివారిని చూసుకొంటూనే మన అడుగు పడాలి. అందువలన ఆనాడు నాయన ముఖాన్ని ఆద్యంతం చూసే భాగ్యం నాకు కలిగింది.

మీసాల కింద నవ్వు పుట్టింది... పొంగింది... పళ్ళన్నీ బయటపడ్డాయి. ఆ నవ్వు తగ్గకమునుపే కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. గడ్డం మీదుగా జారి పడుగు మీద పడ్డాయి. హర్షమూ విషాదమూ వేర్వేరు భావాలని అలంకారశాస్త్రంలో నేను చదువుకున్నది ఎన్నో ఏళ్ళ తరువాత. రెండూ ఒకే ముఖంలో ఒకే క్షణాన వెలగగలవని ఆ పొద్దుననే చూశాను.

ఆ తన్మయత్వంలో ఆయన, అప్పటికే ఆరిన భాగానికి మళ్ళీ గంజి పట్టించమని అమ్మకు చెప్పాడు! ఎదురింటాయన ఊరుకుంటాడా...

"ఏమప్పా, పడుక్కు గంజి పెడ్తాండావా, గోడకు సున్నం కొడ్తాండావా?"

వీధి వీధంతా నవ్వింది. మా ఇంట్లోనే ఉండే మేనత్త మాత్రం నవ్వలేదు.

"పాసయితే అయిండాది లే. ఇది కడపకు పోతే కండెలకు నూలెవురు సుడ్తారు? నీ ఎదురుగా కుంచె ఎవురు పడ్తారు?"

దస్తగిరి తాత కాగితం చూపించాడు. "కడప సదువుకంట ఈ అర్జీ, మద్దేనం టపాలో పోవాలంట. తండ్రి యేలిముద్ర కావాలంటాండాడు హెడ్మాస్టరు. ఏమంటావప్పా?"

నాయన కుంచె ఆపలేదు. పడుగు ఆ చివరివరకు నడిచాం. మళ్ళీ ఈ చివరికి వచ్చాం.

"అక్కా, ఇట్రా!" ఉన్నట్టుండి మేనత్తను పిలిచాడు. "నా కొన పట్టుకో."

"నేనా?"

"నువ్వే. ఈ పిల్ల పోతే నా ఎదురుగా నడ్సాల్సింది నువ్వే. ఈ పొద్దే నేర్సుకో!"

ఆమె నోరు తెరిచేలోగా కుంచె ఆమె చేతికి వచ్చింది. నాయన తన బొటనవేలిని దస్తగిరి తాత అరచేతిలోని నీలిరంగుకు రుద్ది, అర్జీ మీద గట్టిగా నొక్కాడు. రంగుతోపాటు కొంత గంజి కూడా అంటింది.

తరువాత వచ్చి నా పక్కనే నడిచాడు...

"నువ్వు పోతే నాకు శానా కష్టం పాపా. ఆ మాట దాసేది లేదు. అయినా పో. సదువుకో."

"మీరిద్దరూ మాట్లాడుకుంటాండారు, ఈడ నా చేతులు పడిపోతాండాయి!" అని మేనత్త అరిచింది.

అమ్మ వచ్చి నా కొన అందుకుంది. గంజి చేతులతోనే అర్జీ పట్టుకొని టపా కచేరీకి పరుగెత్తాను... దస్తగిరి తాత వెనుకబడి "నిలబడు బిడ్డా, నిలబడు!" అని అరుస్తున్నా నిలువలేదు!

ఇప్పుడు మా వీధిలో పడుగులు లేవు. మొన్న మా మనుమరాలి పదవ తరగతి ఫలితం ఫోనులో వచ్చింది. ఇల్లంతా కేరింతలు... వాళ్ళ నాన్న మాత్రం ఎవరికో ఫోను చేయాలంటూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కొంతసేపటికి ముఖం కడుక్కొని నవ్వుతూ వచ్చాడు. పాపం, ఆ పిల్ల చూడవలసినది చూడలేదు...

మీ బడి చదువు ముగిసిన రోజున మీ అమ్మ ముఖమో, నాన్న ముఖమో మీకు కనిపించిందా? ఎలా ఉండిందో రాయండి... నాకు చదవాలని ఉంది.