వెనక చక్రాలకు రెండున్నర అంగుళాల పొగరు

రామతీర్థం కొండ మీది రాముడి మీద ఒట్టు. మా పెయింట్ల కొట్టు మీద ఒట్టు. నా నెత్తిన మిగిలిన పదిహేడు వెంట్రుకల మీద ఒట్టు. ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పించింది కాదు. విజయనగరంలో నన్నెరిగినవాళ్లు ఈ మాట దగ్గరే పక్కవాణ్ని మోచేత్తో పొడిచి ఉంటారు. పొడవనివ్వండి. ఒక మగాడు తన కారునీ, పెళ్లాం పట్టుచీరనీ, ఒక ఊరి ఉలవ పంటనీ ఒకే పూటలో ఎలా గాల్లోకి ఎగరగొట్టాడో చెప్పబోతున్నాను.

పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై ఎనిమిది. బుద్ధికి మాత్రం పధ్నాలుగు దాటలేదు. విశాఖపట్నంలో ఒక షెడ్డులో టార్పాలిన్ ముసుగేసుకుని పడుకున్న పాత స్పోర్ట్స్ కారును చూసి మనసు పారేసుకున్నాను. ఎర్ర రంగు, రెండే తలుపులు. ఎత్తు ఎంతంటే, మా వీధి కుక్క నిలబడే దాని పైకప్పు మీద ఏముందో చూసుకునేది. వెనక సీటు ఉంది గానీ అందులో మనిషి పట్టడు, మనిషి తాలూకు చేతిసంచి పడుతుంది. ఏసీ ఏనాడో పరమపదించింది.

మా ఆవిడ సత్యవతి ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి అడుగున చూసి లేచింది. గజపతినగరం అవతల రైతుల ఇంట పుట్టిన మనిషి, పెళ్లికి ముందు వాళ్ల నాన్న ట్రాక్టరు తోలేది. యంత్రాన్ని చూసి మురిసిపోయే రకం కాదు.

"దీంట్లో కూకోవాలా, పడుకోవాలా?" అంది.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నాకో బాధ పట్టుకుంది. ముందునుంచి చూస్తే నా కారు పులి. పక్కనుంచి చూస్తే చిరుత. వెనకనుంచి చూస్తే మాత్రం వానకు తడిసిన మేక. వెనక చక్రాలు రెండూ లోపలికి ముడుచుకుని, క్షమించమని అడుగుతున్నట్టుండేవి. ఫోన్లో వీడియోలు చూస్తే ఎక్కడెక్కడి కార్లో వెనక చక్రాలు ఎడంగా జాపి, గోదాలోకి దిగిన పహిల్వానుల్లా నిలబడి ఉన్నాయి. అన్నం తింటూ అవే చూశాను. కొట్లో ఎవరో నీలం రంగు అడిగితే అవే చూస్తూ ఆకుపచ్చ ఇచ్చాను.

చివరికి అప్పలాచారి లేతు షాపుకి వెళ్లాను. వాళ్లది తాతలనాటినుంచి నాటుబళ్లకు చక్రాలు చేసిన ఇల్లు. ఇప్పుడు ఆచారి లేతు మిషను మీద ఇనుమూ అల్యూమినియమూ చెక్కుతాడు. నేను విషయం వివరించాను. చక్రానికీ ఇరుసుకీ మధ్య మందపాటి బిళ్ల పెట్టి పొడుగు బోల్టులతో బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది, దాన్నే స్పేసర్ అంటారు, ఒక్కో వైపు రెండున్నర అంగుళాలు కావాలి అన్నాను.

"సెక్రం లోపలుంటే నీకేటి నొప్పి?" అన్నాడు ఆచారి.

"వెనకనుంచి బాగోలేదు మావా."

"ముందు సెక్రాలకో?"

"వాటికొద్దు. వెనక వాటికే."

ఆచారి బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. "మా తాత సేసిన బండికి రెండే సెక్రాలు. ఎంత ఎడం పెట్టినా అడిగీవోడు లేడు. నీదానికి నాలుగున్నాయి. ముందు సెక్రం తొక్కిన దార్లోనే ఎనక సెక్రం ఎల్లాల. లేపోతే అది ఒక బండి కాదురా బాబూ, రెండు బళ్లు. ఆపైన మడ్డుగార్డు దాటి బయటికొచ్చీసిన సెక్రం ఊరుకుంటాదేటి? దార్లో ఏటి దొరికితే అది ఎత్తి ఎగజిమ్ముతాది."

నా జాతకం చూసిన ఏ జ్యోతిష్కుడూ నా భవిష్యత్తును ఇంత వివరంగా చెప్పలేదు. నేనేం చేశాను? నవ్వాను. "స్టైలు మావా, స్టైలు" అన్నాను. ఆచారి నన్ను జాలిగా చూసి కొలతలు రాసుకున్నాడు.

నాలుగో రోజుకి కారు తయారైంది. వెనకనుంచి చూశాను. ఆహా, కూర్చోబోతున్న ఏనుగులా ఉంది. ఒక్కటే ఇబ్బంది. కారు నడిపేవాడికి కారు వెనకభాగం కనపడదు. అందుకని రెండు వీధులకోసారి ఆపి, దిగి, వెనక్కి నడిచి, చూసుకుని, నిట్టూర్చి, మళ్లీ ఎక్కేవాణ్ని. కొట్టుకి నడిచివెళ్లినదానికంటే కారులో వెళ్లినప్పుడే ఎక్కువ నడిచాను.

తర్వాత వాన పడింది. మా వీధి మలుపులో నీళ్లు నిలిచాయి. పక్కింటి రిటైర్డు మాస్టారు కొత్తగా సున్నం వేయించుకున్న గోడ పక్కనుంచి నేను దర్జాగా వెళ్లాను. నా వెనక చక్రాలు ఆ బురదను గోడ మీద నెమలి పింఛంలా విప్పాయి. మాస్టారు గోడనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ రంగు పేరేటి బాబూ, మీ కొట్లో దొరుకుతాదా?" అని మర్యాదగా అడిగారు.

ఆ సాయంత్రమే సత్యవతి తీర్పు చెప్పింది. "మాగంలో మా అన్నయ్య ఇంటి గృహప్రవేశం. ఆడపడుచుని, పాలు పొంగించాల్సింది నాను. ముహూర్తం పదిన్నరకి. దీంట్లో నన్ను టైముకి, మర్యాదగా, నలుగురూ నవ్వకుండా తీసుకెల్లు. తీసుకెల్తే కారు ఉంటాది. లేపోతే మర్నాడే అమ్మీయాల."

అదీ పందెం. మూడు షరతులు. టైము, మర్యాద, నవ్వకపోవడం.

గృహప్రవేశం రోజు పొద్దున్న ఎనిమిదింటికే బయల్దేరాం. సత్యవతి కొత్త పట్టుచీర కట్టుకుని, పాలు పొంగించే ఇత్తడి గిన్నె ఒళ్లో పెట్టుకుని, పక్క సీట్లో దేవతలా కూర్చుంది. గజపతినగరం దాకా ఒక్క నీటిమడుగు లేదు. రోడ్డు పక్కన టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు నోటిదగ్గరే ఆపేసి చూశారు. షరతులు మూడూ నెగ్గేశానని మనసులో అనుకున్నాను కూడా. గజపతినగరం దాటాక వాళ్లూరికి తిరిగే రోడ్డు మూడు కిలోమీటర్లు. అక్కడ తిరిగాను.

ఎదురుగా ఉలవలు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మాఘమాసంలో మా వైపు పల్లెల్లో తారురోడ్డు రోడ్డు కాదు, కళ్లం. ఎండిన ఉలవ మొక్కలు పీకి తెచ్చి రోడ్డు నిండా పరిచేస్తారు. బస్సులూ ఆటోలూ పైనుంచి పోతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. తర్వాత గడ్డి ఎత్తేసి, ఊడ్చి, చేటతో తూర్పారబడతారు. బండి తోలేవాడు చేయాల్సింది ఒక్కటే, ముందు బండి తొక్కిన చారలోనే మెల్లగా పోవడం. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన విద్య అది.

నా ముందు చక్రాలు బుద్ధిగా ఆ చారలో దిగాయి. వెనక చక్రాలు? చారకు అవతల, రెండు పక్కలా, ఇంకా ఎవరూ తొక్కని గడ్డి మీద. ఒక బండి కాదు, రెండు బళ్లు. ఆచారి మాట గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. మడ్డుగార్డు దాటి బయటికొచ్చిన ఆ చక్రాలు ఉలవ గడ్డిని ఎత్తి, తిప్పి, ఆకాశానికి నివేదన చేశాయి. వెనక అద్దంలో సూర్యుడు కనపడలేదు. ఏసీ లేదని కిటికీలు తెరిచే ఉంచాం కదా. పొట్టు లోపలికి చుట్టపుచూపుగా వచ్చింది. సత్యవతి జడలోకి, చీర మడతల్లోకి, ఇత్తడి గిన్నెలోకి. నా నోట్లోకి కూడా, ఎందుకంటే ఆ సమయానికి నేను "ఏం కాదు" అంటున్నాను.

నూరు గజాలు వెళ్లేసరికి గడ్డి చక్రాలకు చుట్టుకుని, మడ్డుగార్డు కింద కూరుకుపోయి, కారు ఆగిపోయింది. సత్యవతి గిన్నెలోంచి ఒక ఉలవ గింజ తీసి నా అరచేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ల సంసారంలో అంత పెద్ద తిట్టు నేను తినలేదు.

గట్టు మీదనుంచి ఒక పెద్దావిడ చీపురు పట్టుకుని దిగి వచ్చింది. గౌరమ్మ, ఆ ఉలవల సొంతదారు. నేను దిగి చేతులు జోడించాను. ఆవిడ నన్ను చూడలేదు. రోడ్డును చూస్తోంది. నేనూ తిరిగి చూశాను. బస్సుకి రెండు చారలు పడతాయి. నా కారుకి నాలుగు పడ్డాయి. ఎగిరిన పొట్టును గాలి కాలవలోకి మోసుకుపోయింది. గింజలు మాత్రం తిన్నగా కిందపడి, రోడ్డు మీద ముగ్గుతో గీసిన గీతల్లా మెరుస్తున్నాయి.

"అల్లుడా, ఇది కారా, మిషనా?"

"కారే అత్తా."

"నూర్చీసింది, తూర్పారపట్టీసింది. ఇంకోపాలి తిప్పు."

ముహూర్తం ఉందని, పాలు పొంగించాలని, మా ఆవిడే ఆడపడుచని చెప్పాను. గౌరమ్మ చీపురును బానెట్టు మీద అడ్డంగా పెట్టింది. "ముహూర్తం పదిన్నరకి. నాకూ పిలుపుంది. ఇప్పుడు తొమ్మిదే. నా కుప్ప అవ్వకుండా ఎలగెల్తావో సూస్తాను."

ఇంతలో సత్యవతి అన్న సింహాచలం మమ్మల్ని వెతుక్కుంటూ ట్రాక్టరు మీద వచ్చాడు. సంగతి విని కోప్పడతాడనుకున్నాను. ఆయన కొడవలితో చక్రాల గడ్డి కోసి, సైలెన్సరుకి పట్టిన పొట్టు దులిపి, నిప్పంటుకోకుండా అక్కడ నీళ్లు పోసి, లేచి నిలబడ్డాడు. "ఏడు సుట్లు సాలు బావా. బేగి కానీ" అన్నాడు. చెల్లెలి చీర మాట ఎత్తనే లేదు. రైతు కదా.

ఇక్కడినుంచి నా వీరత్వం. సత్యవతి దిగి, గట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని, పొట్టు దులుపుకుంటూ చూసింది. నేను స్టీరింగు పట్టాను. చుట్టు చుట్టుకీ సరిగ్గా ఒక చక్రం వెడల్పు మాత్రమే జరుపుతూ, ఒక్క కాయ మిగలకుండా, ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలిన చేతుల్లా తిప్పాను. మలుపుల్లో వెనకభాగం నడుం తిప్పుతుంటే గట్టు మీది ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఏడో చుట్టు అయ్యేసరికి గౌరమ్మ ఇత్తడి గిన్నె నిండా ఉలవలు పోసి, చీపురు భుజాన పెట్టుకుని దారి వదిలింది.

పదీ ఇరవైకి కొత్తింటి గుమ్మంలో దిగాం. సత్యవతి తలమీద పొట్టు కిరీటంలా ఉంది. వీధి వీధంతా పగలబడి నవ్వింది. పురోహితుడు గిన్నెలోని ఉలవలు చూసి, ధాన్యంతో వచ్చిన ఆడపడుచు లక్ష్మీదేవేనని నవ్వాపుకుంటూ అన్నాడు. పాలు ముహూర్తానికే పొంగాయి. పైన ఒక పొట్టు రేక తేలింది. ఎవరూ తీయలేదు.

లెక్క చూసుకున్నాను. టైము నెగ్గింది. మర్యాద పోయింది. నవ్వులు కాలవ కట్టాయి. మూడింట రెండు ఓటమి, కారు పోయినట్టే. తిరుగు ప్రయాణంలో గజపతినగరం దాకా వచ్చాం. అప్పుడు సత్యవతి, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "కారు ఉంటాది" అంది.

"అందరూ నవ్వారు కదే?"

"నవ్వితే నవ్వారు. ఉంటాది."

కనుక అగ్ని సాక్షిగా, అప్పలాచారి లేతు మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై కారుకే కాదు, తోపుడుబండికైనా, పిల్లల మూడు చక్రాల సైకిలుకైనా, చక్రాన్ని అది పుట్టిన చోటునుంచి వెంట్రుకవాసి జరపను.

ఇంతవరకూ రాసి సత్యవతికి చదివి వినిపించాను. అంతా విని, "ఒట్టు ఎవలి మీద ఏసినావు?" అంది. రాముడి మీద అన్నాను. "మరైతే గోనెసంచి సంగతి సరిగ్గా రాయి."

రాస్తున్నాను. ఒకే ఒక్కటి కల్పించాను. గట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నది నేను. మొదటి చుట్టు సగంలోనే నేను కారును కాలవ వైపు పోనిచ్చి తుమ్ముతుంటే, "దిగు" అంది. పట్టుచీర కొంగు బొడ్లో దోపి, ఏడు చుట్లూ తిప్పింది ఆవిడ. తిరుగు ప్రయాణంలో స్టీరింగు కూడా ఆవిడదే. మిగతాదంతా నిజం.

స్పేసర్లు తీయించేద్దామని రెండుసార్లు ఆచారి దగ్గరకు వెళ్లాను. "సత్యవతమ్మ ఒద్దంది బాబూ" అని రెండుసార్లూ పంపించేశాడు. ఏటా మాఘం రాగానే వాళ్లూరి ఉలవలు నూర్చడానికి ఆవిడ తాళాలు తీసుకుంటుంది. నేను పక్క సీట్లో కూర్చుంటాను, ఇత్తడి గిన్నె ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని.