ఆంటీ నడుంనొప్పి, నా హీటెడ్ వెస్ట్

ఓ ఆంటీ నడుంనొప్పి పుణ్యమా అని ఆఫీసులో నాకు పేరొచ్చిందంటే మీరు నమ్మరు. టీ చల్లారేలోపు చెప్పేస్తా, వినండి.

మా ఆఫీసు సైన్స్ పార్క్‌లో. చల్లటి నీళ్లలో దిగే డైవర్ల కోసం బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ తయారుచేస్తున్నాం. డైవింగ్ సూట్ లోపల తొడుక్కుంటారు. సింగపూర్‌లో చలెక్కడిదని నవ్వకండి, అమ్మేది చలిదేశాల్లో. డిజైన్ నాది. మొన్న ఫైనల్ టెస్ట్. ఐసు నీళ్ల ట్యాంకులో నేనే దిగి అరగంట ఉండాలి. మధ్యలో వణుకుతూ పైకొచ్చానో, బయట రెడీమేడ్‌గా దొరికేదే కొనేస్తానని మా బాస్ టాన్ ముందే చెప్పేశాడు. ఏడాదిగా పడ్డ కష్టమంతా ఆ అరగంటలో తేలిపోవాలి.

ట్యాంకు పాయా లేబర్ దగ్గర. ముందు ఏదైనా తిందామని పక్కనే తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లాను. ఎండలో కార్లో వదిలేస్తే బ్యాటరీ పాడవుతుందని వెస్ట్ చేతిలోనే ఉంది. లంచ్ టైమ్ కదా, తిరగ్గా తిరగ్గా ఒక్క కుర్చీ దొరికింది. ఇక్కడ సీటు చోప్ చెయ్యాలంటే, అదే, ఆపుకోవాలంటే, టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తారు, ఇంకెవరూ ముట్టుకోరు. నా దగ్గర టిష్యూ లేదు. చేతిలో ఉన్నది కుర్చీకి తొడిగేసి ఫిష్ సూప్ లైన్లో నిలబడ్డాను.

టిష్యూని అందరూ గౌరవిస్తారు గానీ వెస్ట్‌ని ఎవరు గౌరవిస్తారండీ? ట్రేతో వచ్చేసరికి ఆ కుర్చీలో ఓ చైనీస్ ఆంటీ, వెనక్కి ఆనుకుని, కళ్లు మూసుకుని. ఆవిడ వీపు తగిలి స్విచ్ ఆన్ అయిపోయింది.

"ఆంటీ, దట్ ఈజ్ మైన్," అన్నాను.

"సారీ లా, ఐ థాట్ కుషన్. మై బ్యాక్ పెయిన్ ఆల్ గాన్ ఆల్రెడీ. ఫైవ్ మినిట్స్ మోర్, కెన్?"

పెద్దావిడని లేవమనడానికి నోరు రాలేదు. నిలబడే సూప్ తాగాను. ఆవిడేమో నడుం మీద వేలు పెట్టి "అప్ దేర్ నో నీడ్. హియర్ ఓన్లీ," అని నాకు పాఠం, వేడి నడుం దగ్గరుంటే చాలట. ఆ ఐదు నిమిషాలు కాస్తా అరగంటైంది. తీరా లేచాక చూస్తే బ్యాటరీ నాలుగు లైట్లలో ఒక్కటే మిగిలింది. స్పేర్ బ్యాటరీ లేదా అంటారు. ఉంది. సెంగ్‌కాంగ్‌లో, మా ఇంట్లో, ఛార్జర్ మీద భద్రంగా ఉంది. వెళ్లి తెచ్చేంత టైమ్ లేదు.

ఐసు నీళ్ల పక్కన నిలబడి చెమటలు పట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అన్నీ ఆన్ చేస్తే ఆ బ్యాటరీ పది నిమిషాలు కూడా రాదు. అప్పుడు ఆంటీ వేలు గుర్తొచ్చింది. ఛాతీ, భుజాల దగ్గర హీటింగ్ ఆపేసి, నడుం దగ్గరది మాత్రం సన్నసెగ మీద పెట్టి, దేవుడి మీద భారం వేసి దిగాను.

మొదట ప్రాణం జివ్వుమంది. కాసేపటికి నడుం దగ్గర వెచ్చదనం మెల్లగా వీపంతా పాకింది. అరగంట అయ్యాక కూడా పైకి రాలేదు, ఇంకాసేపుంటానని చేత్తో సైగ చేశాను. అంత పొగరెక్కింది నాకు.

పైకొచ్చి బ్యాటరీ సంగతి చెబితే, "ఒక్క లైటుతోనే దిగావా?" అని బాస్ నోరు తెరిచాడు. "అయితే చిన్న బ్యాటరీ చాలుగా! ఐడియా ఎలా వచ్చింది?"

"యూజర్ రీసెర్చ్," అన్నాను గంభీరంగా.

నా డిజైనే ఖాయమైంది. అంత మంచి రీసెర్చ్ అయితే ఆపొద్దన్నాడు బాస్. నిన్న మళ్లీ వెస్ట్ పట్టుకుని అక్కడికే వెళ్లాను. ఆంటీ ఓ ఫ్రెండ్‌ని వెంటేసుకుని నాకోసం ఎదురుచూస్తోంది. పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్. నాకోసం సీటు చోప్ చేసిందే అని పొంగిపోయి కూర్చోబోయాను.

"నో, నో. దట్ వన్ ఫర్ యువర్ వెస్ట్. మై ఫ్రెండ్ ఆల్సో బ్యాక్ పెయిన్."

సూప్ నిన్న కూడా నిలబడే తాగాను.