నాయన గొంతు పడిన పాట

ఇరవై రెండేళ్ల వయసులో నా మీద నాకున్న నమ్మకంలో పావు వంతు ఇప్పుడుంటే, ఈపాటికి ఏ రాష్ట్రాన్నో ఏలుతూ ఉండేదాన్ని. ఆ రోజుల్లో ధర్మవరంలో ఏకైక ఫోక్ రాక్ గాయనిని నేనే. పాట నాదే, బాణీ నాదే, గిటారు నాదే. వినేదాన్ని కూడా దాదాపు నేనొక్కదాన్నే. జానపదానికి గిటారు, డ్రమ్ములు తోడైతే దాన్ని ఫోక్ రాక్ అంటారని మా మామకు వివరిస్తే, "రాక్ అంటే రాయే గదమ్మా, అవి మనకాడ కావాల్సినన్ని ఉండాయి" అన్నాడు. (అయినా నా మేనేజరుగా తనను తానే నియమించుకున్నాడు.) నా మొదటి కచేరీ ఆయన స్నేహితుడి చీరల అంగడి ప్రారంభోత్సవంలో జరిగింది. ఎండిన చెరువు మీద రాసుకున్న పాటను కళ్లు మూసుకుని, ప్రాణం పెట్టి పాడాను. కళ్లు తెరిచేసరికి అంగడి యజమాని ఎంతో మర్యాదగా, "గొంతు సవరించుకుండేది అయిపోయింటే పాట మొదలుపెట్టు పాపా" అన్నాడు.

జనానికి అభిరుచి లేదని తేల్చేసి (కళాకారులకు ఈ సౌకర్యం ఎప్పుడూ ఉంటుంది) అదే పాటను ఇంట్లో రికార్డు చేయడానికి పూనుకున్నాను. నాయన నేసే మగ్గం చప్పుడు ఆగితే తప్ప మైకు పెట్టే వీలు లేదు. పట్టుచీర సగంలో ఉన్నా నాయన మగ్గం గుంటలోంచి లేచి వసారాలో కూర్చున్నాడు. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆ ఉక్కలో పొద్దున్నుంచీ పాడగా పాడగా ఒక్కసారి అద్భుతంగా కుదిరింది. ఆఖరి స్వరం సన్నగా సాగుతుండగా తలుపు తెరుచుకుంది. "అయిపాయనా పాపా? నేను మగ్గంలోకి దిగల్ల" అన్నాడు నాయన. ఆ వెంటనే కరెంటు పోయింది. మళ్లీ పాడే ఓపిక నాకు లేదు. రికార్డులో పడిన నాయన మాట కత్తిరిస్తే దాంతోపాటు ఆఖరి స్వరమూ పోతుంది. కడుపుమంటతో అలాగే ఇంటర్నెట్‌లో పెట్టేశాను.

అంతవరకు మామ బలవంతం మీద బంధువులు తప్ప ఎవరూ వినని నా పాట, ఫోన్ల వెంట ఊళ్లు దాటింది. దాని కింద అభిమానులు నా ప్రతిభను ఇలా కొనియాడారు: "చివర్లో మాట్లాడినాయన ఎవరప్పా?" "ఆయప్ప మాట కోసం పాటంతా ఓర్చుకుంటి." నేను నాయనతో మాట్లాడడం మానేశాను. సంగతేమీ తెలియని ఆయన నా నుదురు తాకి చూసి, "జ్వరమేమీ లేదే" అని ఊరుకున్నాడు.

తర్వాత అనంతపురంలో కచేరీకి పిలిచారు, నాయనను తప్పకుండా తీసుకురావాలనే షరతుతో. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నా పాట ముగియగానే హాలంతా నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగింది. మామ ఉత్సాహంగా మైకు అందించాడు. నాయన దాన్ని అనుమానంగా చూసి, "ఇంట్లో గోడవతల నుంచి సగం సగమే వింటాంటి. ఈ పొద్దు పూర్తిగా వింటి. బాగుండాది. ఇంకొక తూరి పాడు పాపా" అన్నాడు. చెప్పాల్సిన మాట మరిచిపోయాడనుకుని జనం నవ్వారు. నేను మళ్లీ పాడాను. శ్రుతి ఘోరంగా తప్పింది. ఎదురుగా చూస్తూ పాడలేక గోడకేసి చూస్తూ పాడాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి నాయన నిద్రపోయాడు. ఇక లోకంలో తాను గెలవాల్సినదేమీ లేదన్నట్టు ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గిటారును ఒళ్లో పెట్టుకుని ధర్మవరం దాకా నిటారుగా కూర్చుంది. తర్వాత ఎన్నో పెద్ద వేదికలెక్కాను గానీ, అంత గొప్ప గాయనిని మాత్రం మళ్లీ ఎప్పుడూ కాలేకపోయాను.