మాస్టర్ ఫ్లాపీ మేడం

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ మేడం పోయారని సోమవారం పొద్దున్న నూజివీడు బస్టాండులో తెలిసింది. జ్వరమన్నారు, వారం తిరగలేదు. నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎందుకో రాస్తాను.

కాలేజీకి కంప్యూటర్ వచ్చినప్పుడు దానితోపాటు ఒక కంపైలర్ ఊరికే ఇచ్చారు. మనం రాసిన ప్రోగ్రామును మిషన్‌కి అర్థమయ్యేట్టు మార్చేది అదే. దాని సోర్స్ కోడ్ కూడా దాచకుండా ఇచ్చారు. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు. దిద్దినది మద్రాసులో ఒక సంఘానికి పోస్టులో పంపితే, బాగున్నవి ఏరి తర్వాతి మిషన్లతో అందరికీ ఇచ్చేవారు. మా కోడంతా ఒకే ఒక్క మాస్టర్ ఫ్లాపీలో ఉండేది. దాన్ని చూసుకునేది మేడం. నేను ఆవిడ కింద డిమాన్‌స్ట్రేటర్ని. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆవిడ నేర్పినవే.

ఫ్లాపీ అంచున ఉండే గంటుకి కాగితం ముక్క అంటించేవారు. అది ఉన్నంతసేపూ మిషన్ అందులో ఏమీ రాయలేదు. మామిడికాయలు కోసే రోజుల్లో మరీ చాదస్తం. "సొన చేతులతో ముట్టుకోకండి మాస్టారూ" అని అందరి చేతులూ కడిగించేవారు. ఏ గీత మార్చినా పక్కన పేరు రాయాలి. నేను నవ్వితే, "పేరు గొప్పకి కాదండీ, తిట్లు ఎవరికి చేరాలో తెలియాలిగా" అనేవారు.

పెద్ద ప్రోగ్రాము ఇస్తే ఆ కంపైలర్ మధ్యలో ఆగిపోయేది. రెండు నెలలు కూర్చుని మేడం దాన్ని బాగుచేశారు. అందరి మిషన్లలోకీ నూజివీడు పేరు వెళ్తుందని ఆవిడ సంబరం. రెండో కాపీకి ఫ్లాపీ ఇవ్వమని ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. కాగితం మీద అచ్చు తీసి పెట్టుకుందామంటే ప్రింటరుకి రిబ్బను లేదు.

మద్రాసు పంపాల్సిన వారంలో, ఆవిడ లేనప్పుడు, మాస్టర్లోని కొత్త కోడ్, పాతది ఉన్న నా ఫ్లాపీలోకి ఎక్కించుకుందామని కూర్చున్నాను. రెండు ఫ్లాపీలూ అటుది ఇటూ, ఇటుది అటూ పెట్టాను. ఇందులో రాయడం కుదరదని మిషన్ చెప్పింది. నాకా చెప్పేది అనుకుని కాగితం ముక్క పీకేశాను. పాత కోడ్ వచ్చి కొత్తదాన్ని తుడిచిపెట్టేసింది. ముక్క మళ్ళీ అంటించి ఇంటికెళ్ళిపోయాను.

మర్నాడు, "ఎండకి పాడైందేమో మేడం" అన్నాను.

"ఎండకి పాడైతే అసలు చదవదు మాస్టారూ. ఇది శుభ్రంగా చదువుతోంది. పాతది," అన్నారు. కాసేపు నా వంక చూశారు.

జాగ్రత్త లేదని ప్రిన్సిపాల్ ఆవిడ్ని తప్పించి మాస్టర్ ఫ్లాపీ నాకు అప్పగించారు. కుక్కిన పేనులా ఉండి పుచ్చుకున్నాను. మేడం మళ్ళీ మొదట్నుంచీ దిద్దేలోపు గడువు దాటిపోయింది. ఆ తర్వాత వచ్చిన కంపైలర్లో అదే లోపాన్ని ఇంకో కాలేజీ వాళ్ళు సరిచేశారు. దాన్ని మా పిల్లలకి నేర్పింది కూడా మేడమే. "మనకంటే శుభ్రంగా రాశారండీ" అన్నారు, నిజంగానే మెచ్చుకుంటూ. మూడేళ్ళు నా పక్క బల్ల దగ్గరే కూర్చున్నారు. నేను నోరు విప్పలేదు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. మేడం భర్త మామిడికాయల వ్యాపారి. కోసిన కాయ ఎవరి కోసమూ ఆగదు కదా, మైల తీరకుండానే వసారాలో రసాలు గడ్డిలో సర్దుతున్నారు. నన్ను చూసి లేచారు.

"మీ మాట తరచూ అనేదండీ. 'మాస్టారు నాకో సంగతి చెప్పాలి, ఆయనే చెప్తారు' అని. ఆస్పత్రిలో కూడా వచ్చారా అని అడిగింది. ఏంటండీ అది?"

"ఏం లేదండీ. కాలేజీ పని," అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని ఆయన చేతిలో గడ్డితో అలాగే నిలబడ్డారు. తర్వాత కూర్చుని, గడ్డి పరిచి, ఒక్కొక్క కాయా తొడిమ కిందికి పెట్టి సర్దుకోసాగారు.