అవ్వ రొమ్ముకు ఆనుకున్న మధ్యాహ్నం

నిన్న జమ్మలమడుగులో మా పాతిల్లు పడగొడతాంటే చూసేదానికి పోయినా. మధ్యాహ్నాలు అవ్వ పండుకునే నల్లబండను గోడకు ఆనించి పెట్టినారు. మీకూ గుర్తుందా, ఎండాకాలంలో చెంప పెడితే కడపబండ ఎంత చల్లగా ఉండేదో?

ఆదివారం చర్చి నుంచి వచ్చి సంగటి తిన్నాక, ఆ బండ మీదే అవ్వ పక్కన కూర్చోని నాయన యోహాను సువార్త చదివేటోడు. నేను అవ్వ రొమ్ము మీద తల పెట్టుకుని సగం నిద్రలో వినేదాన్ని. ఆమె కొంగంతా వక్కాకు వాసన.

ఒకసారి చదువుతాంటే, కడరాత్రి భోజనం కాడ యేసు రొమ్ముకు ఆనుకున్న శిష్యుడి మాట వచ్చింది, పేరు లేకుండా.

"ఆయన పేరేంది నాయనా?" అని అడిగినా.

"యోహానే. ఈ సువార్త రాసిందీ ఆయనే."

పాస్టరు చదువు చదివే చిన్నాయన ఊరుకోలేదు. "ఆయన పేరు దాంట్లో యాడ రాసుంది అన్నా? రాసింది ఎఫెసు పట్నంలో ఉండిన ఇంకో యోహాను అనేవాళ్ళూ ఉండారు."

"అట్లయితే మనం నమ్మేది ఎవురినిరా?" నాయన గొంతు పెరిగింది.

అవ్వ కండ్లు తెరవకుండానే అనింది. "అంత దగ్గరగా ఆయప్ప గుండె సప్పుడు ఇంటాంటే, సొంత పేరు యాడ గుర్తుంటాదప్పా?"

నాయన పేజీ తిప్పి మళ్ళా చదవబట్టినాడు. నా చెవిలో అవ్వ గుండె మాత్రం కొట్టుకుంటానే ఉండింది.

నిన్న ఆ బండకు చెంప ఆనించినా. అంతే చల్లగా ఉండాది. శానాసేపు అట్లే చెవి పెట్టుకోని నిలబడినా.