దాసు ఎక్కిన పద్నాలుగు వేల అడుగులు

నిన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ప్రభుదాస్ పేరు.

ఈ ఏడాది ట్రెక్ ఎగ్గొట్టడానికి ఏం సాకు చెప్తాడో విందామని, తిట్లు రెడీ చేసుకుని ఎత్తాను.

మాట్లాడింది అతని భార్య సువార్తమ్మ.

"సార్, ఆయన పోయిండు. అన్నం తిని పండుకున్నడు. లేవలే."

తిట్టు నోట్లోనే ఉండిపోయింది. ఇంకా అక్కడే ఉంది.

తెలియనివాళ్ళ కోసం: ప్రభుదాస్ ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఎల్బీ నగర్‌లో మాది ఒకటే అపార్ట్‌మెంట్. అందులో మాట్లాడదగ్గ మనిషి అతనొక్కడే. మిగతావాళ్ళు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట టెర్రస్ మీద బట్టలు ఆరేస్తూ అన్నాడు. "ముప్పై ఏండ్లు బస్సు పోయే కాడికే పోయిన సార్. బస్సు పోని జాగ ఒక్కటన్న చూడాలె."

హిమాలయాల్లో పద్నాలుగు వేల అడుగుల కనుమ ఒకటి ఎంచుకున్నాం. అంటే, నేను పన్నెండు పుస్తకాలు చదివి ఒకటి చెప్పాను. అతను ఒక వీడియో చూసి ఇంకొకటి చెప్పాడు. అతనిదే ఖాయమైంది.

ఫారాలు నింపి పంపడం అతని డ్యూటీ. తప్పులు పట్టడం నాది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మన ప్రెసిడెంట్ గారు "అంకుల్స్ డైరెక్టుగా పైకే టికెట్ తీసుకున్నారు" అని నవ్వే బొమ్మలు పెట్టారు. నిన్న అదే వేలితో దండం బొమ్మ పెట్టారు.

ప్రెసిడెంట్ గారూ, లిఫ్ట్ ఆగిన రోజు మీరు రెండో ఫ్లోర్ చేరేలోపు మూడుసార్లు కూర్చున్నారు. మీ వాటర్ క్యాన్ మోసింది దాసే. నాకు గుర్తుంది.

ఇక మా ప్రాక్టీసు.

పొద్దున్నే మెట్రో స్టేషన్ మెట్లు. రోడ్డు నుంచి టికెట్ కౌంటర్ దాకా, అతని కొలతలో ముప్పై అడుగులు. భుజాన బ్యాగు. బరువు కోసం అందులో నా పాత ఫిజిక్స్ గైడ్లు.

"ఇన్నాళ్ళకు మీ పుస్తకాలు ఒకనికి పనికొచ్చినయ్ సార్."

బస్సు ట్రిప్పులు రాసే లాగ్ షీట్ లాగే ఒక నోట్‌బుక్‌లో గీతలు కొట్టాడు. తేదీ, ట్రిప్పు, అడుగులు, డ్రైవర్ సంతకం, కండక్టర్ సంతకం. ముప్పై ముప్పై కూడుకుంటూ పద్నాలుగు వేలు నిండితే ఒళ్ళు కొండకి రెడీ అయినట్టేనని అతని థియరీ.

"దాసూ, ఎక్కి దిగితే displacement జీరో. నీ ఊపిరితిత్తులు ఇంకా ఎల్బీ నగర్‌లోనే ఉన్నాయి."

"బస్సు పొద్దుగాల డిపోల బయల్దేరి మళ్ల గా డిపోకే ఒస్తది. మీటర్ జీరో అయితదా సార్?"

"అది వేరు."

"ఏం వేరు? ఎక్కింది రాస్తం. దిగింది మనం రాయం. సంతకం పెట్టున్రి, కండక్టర్ మీరే."

పెట్టలేదు. నలభై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన చేత్తో తప్పుడు కాగితం మీద సంతకం చెయ్యనన్నాను. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

మొదటి ఏడాది చివర్లో కాన్సిల్ చేశాడు. మోకాళ్ళ నొప్పి అన్నాడు. రెండో ఏడాది బంధువుల పెళ్ళి. ప్రతిసారీ కొత్త నోట్‌బుక్, మళ్ళీ సున్నా నుంచి మొదలు.

నేను ఊరుకోలేదు. ఇదే ఫేస్‌బుక్‌లో "డిపో దాటని డ్రైవర్" అని పోస్టు పెట్టాను. చాలామంది లైక్ కొట్టారు. దాసు కూడా కొట్టాడు.

నిన్న సాయంత్రం సువార్తమ్మ ఆ బ్యాగు తెచ్చి నా ముందు పెట్టింది. "మీ పుస్తకాలే సార్, తీస్కపోన్రి."

మోకాళ్ళ నొప్పి ఉన్నా ఇంత మోశాడే అన్నాను.

"ఆయనకు మోకాళ్ళ నొప్పి యాడిది సార్! మీ బీపీ కాగితం చూసి ఆ ట్రెక్కోళ్ళు మిమ్మల్ని ఒద్దన్నరు. ఆయన్నొక్కన్నే రమ్మన్నరు. 'సార్ లేకుంటే తొవ్వల నాతోని కొట్లాడెటోడు ఎవడు' అని బంద్ చేస్కున్నడు. మొన్న మళ్ల ఫోనొచ్చింది, గదే మాట. ఈపారి నడుము నొప్పని చెప్తా అన్నడు."

మూడేళ్ళు. కండక్టర్ ఎక్కలేదని బస్సు తియ్యలేదు వెధవ.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి బాకీ అయినా తీర్చుకోకుండా వదలను నేను. ఇది తీర్చుకుందామంటే మనిషి లేడు.

రాత్రి ఆ బ్యాగులోనే ఉన్న నోట్‌బుక్ తెరిచాను. ఈ ఏడాది మొత్తం పదమూడు వేల తొమ్మిది వందల యాభై. ఇంకా యాభై అడుగులు. అంటే రెండు ట్రిప్పులు.

ఈ పొద్దున బ్యాగు వేసుకుని వెళ్ళాను. బీపీ మాత్ర వేసుకునే వెళ్ళాను, సువార్తమ్మా, కంగారు పడకు. నా గైడ్లు ఇంత బరువని ఇవాళే తెలిసింది. వాటిని మోసిన నా స్టూడెంట్లందరికీ క్షమాపణలు.

మెట్టు మెట్టుకీ ఆగుతూ రెండుసార్లు ఎక్కాను. పై మెట్టు మీద కూర్చుని ఆ రెండు ట్రిప్పులూ రాశాను. తర్వాత మొదటి పేజీ నుంచి కండక్టర్ గడిలో సంతకాలు పెట్టుకుంటూ వచ్చాను. జనం నన్ను దాటుకుంటూ పోయారు.

రెండుసార్లూ లిఫ్ట్‌లోనే దిగాను. అది రాయలేదు.

దాసూ, ఇవాళ సాయంత్రం నిన్ను మట్టిలోకి దింపుతారట.

దిగింది మనం రాయం.

బస్సు పోని చోట నిమ్మళంగా ఉండు.