పెయింటరు చేతి పట్టీ

పొద్దున్నే పళ్ళు తోముకోగానే పెయింటరు తన మణికట్టుకున్న నల్ల పట్టీ విప్పి భార్య చేతికి కట్టాడు.

"వారం పాటు నా బదులు నువ్వు పెట్టుకో" అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"ఇన్నాళ్ళూ ఊరికే చేశాను. ఇప్పుడు మీ పేరు మీద చెయ్యాలన్నమాట" అందామె, అంట్ల గిన్నెలు సింకులో పడేస్తూ.

అతను దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నిచ్చెన జారి పడ్డాక వెన్నుపాము దెబ్బతిని నడుం కింద స్పర్శ పోయింది. చేతులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. పునరావాస కేంద్రంలో ఉన్నన్నాళ్ళూ చక్రాల కుర్చీ తనే తోసుకున్నాడు, మంచం మీదికి తనే జరిగాడు. ఇంటికొచ్చాక కిటికీ పక్కన స్థిరపడిపోయాడు. మొదట్లో మంచినీళ్ళు కావాలని అడిగేవాడు. తర్వాత గొంతు సవరించుకుంటే సరిపోయేది.

ఇంటికి వెళ్ళిన రోగులు చేతులు ఎంత వాడుతున్నారో కేంద్రంవాళ్ళు పరిశోధన చేస్తున్నారు. పట్టీ ఆ కదలికల్ని గీతలుగా నమోదు చేస్తుంది. బాగా వాడేవాళ్ళని తర్వాతి విడతలో బెల్టులతో వేలాడదీసి నడిపించే యంత్రం ఎక్కిస్తారు. ఆ యంత్రం మీదే పెయింటరు ఆశంతా. తన చేతులు ఏం చేస్తున్నాయో అతనికి తెలుసు. ఎవరి చెయ్యి కదిలిందో మాత్రం పట్టీకి తెలియదు.

వారం తిరిగాక కేంద్రంలో ఫిజియో మేడమ్ తెర మీద గీతలు చూపించింది. పక్క కుర్చీలో పాత వార్డు నేస్తం, లారీ డ్రైవరు ఉన్నాడు. అతనిదీ అదే దెబ్బ.

"అన్నయ్యా, అసలు మీరు నిద్రపోతున్నారా? తెల్లారకముందే మొదలవుతోంది. మధ్యాహ్నం కూడా నడుం వాల్చట్లేదు. ఇదిగో, ఇక్కడ చెయ్యి పదే పదే తలకంటే పైకి లేస్తోంది. ఏం చేశారిక్కడ?" అంది మేడమ్.

పెయింటరు ఆ గీత కింద ఉన్న టైము చూశాడు.

"కుర్చీలో కూర్చునే బోర్డులు రాస్తున్నావేంట్రా బావా?" అని డ్రైవరు పగలబడి నవ్వాడు.

ఆ వేళకి భార్య దండెం మీద బట్టలు ఆరేస్తుందని పెయింటరుకి తెలుసు. రోజూ కిటికీలోంచి చూసే దృశ్యమే.

మేడమ్ నవ్వలేదు. "ఇలా అయితే భుజాలు అరిగిపోతాయి. మీకిప్పుడు కాళ్ళూ అవే, చేతులూ అవే." వెనక నిలబడ్డ భార్య వైపు తిరిగింది. "వదినగారూ, ఈ మనిషి చేత ఇంత చాకిరీ చేయిస్తారా? మీరు కాస్త చెయ్యి వెయ్యకూడదూ?"

భార్య ఒక్కసారి భర్త వీపు వైపు చూసింది. "నిజమేనమ్మా. ఇకనుంచి చూసుకుంటాను" అంది.

పెయింటరు తల దించాడు. నేల మీద తన చెప్పులు కనిపించాయి. ఏడాదిగా మురికి అంటని చెప్పులు. నోరు మూసుకుంటే యంత్రం దక్కుతుంది. తిట్లు ఆమె పడుతుంది, ఇంటికెళ్ళి వంటా చేస్తుంది.

"ఆ చెయ్యి నాది కాదు మేడమ్" అన్నాడు. "ఆవిడది."

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. మేడమ్ ఆ వారం గీతలన్నీ తుడిచేసింది.

"ఈ విడతకి మిమ్మల్ని తీసుకోలేం. పట్టీ మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఈసారి మీరే."

తిరుగు దారిలో భార్యే కుర్చీ తోసింది. వీధి మలుపులో అతను రెండు చక్రాలూ గట్టిగా పట్టుకుని, "వదిలెయ్, నేను తోసుకుంటా" అన్నాడు.

"ఎత్తు ఉంది."

"ఉండనీ."

సగం ఎత్తులోనే ఆయాసం వచ్చింది. ఆమె వెనకే నిలబడింది, తొయ్యలేదు. మర్నాడు దండెం కిందికి దించి కట్టించాడు. పట్టీ తన చేతికే కట్టుకుని, తడి బట్టల బకెట్టు ఒళ్ళో పెట్టుకుని ఆరేశాడు.

ఆ రోజు పట్టీలో అతని గీత ఆమె గీతలో అయిదో వంతు కూడా లేదు.